దైవజనుల గది

జూన్ 3, మంగళవారం

పైగది పని పూర్తయింది. మంచం, బల్ల, కుర్చీ, లైటు. బైబిలు వాక్యంలో ప్రవక్త కోసం మేడమీద గది కట్టించిన ఆమె వేయించినవి ఆ నాలుగే. మేమూ అంతే, ఫ్యాను ఒక్కటే అదనం. మా ఆయన వ్యాపారం నిలదొక్కుకున్నందుకు మొక్కుబడి ఇది. అంచనా కంటే కాస్త తక్కువలోనే తేలింది. మిగిలిన సిమెంటు మూతి కట్టి మెట్ల కింద పెట్టించాను.

జూన్ 8, ఆదివారం

సంఘమంతా వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి గదిని ప్రతిష్ఠించారు. వాక్యం చెప్పడానికి వచ్చే దైవజనులు ఇక్కడే దిగుతారని చెప్పాను. ఇంక దేనికీ వాడబోమని కూడా అన్నాను. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. నలుగురూ చూస్తుంటే నోట్లోంచి వచ్చేసింది. ఆమెన్ అన్నారు.

అక్క మెట్లమీద కూర్చుని ప్లేట్లు అందించింది. నాన్నే ఉంటే ఇంత ఇల్లు చూసి, బయటికి దారెటే అని అడిగేవాడు అంది. అందరూ నవ్వారు.

జూన్ 12, గురువారం, సాయంత్రం

అక్క లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని నేరుగా ఇటే వచ్చింది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. బావ పోయినప్పట్నుంచీ ఉంటున్న అద్దెగది నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారట. ఇంకోటి దొరికేదాకా నీ పైగదిలో ఉండనా అంది. అడగడం ఆమెకి చేతకాదు. కొంగు అంచు సరిచేసుకుంటూ అడిగింది.

దేవుడికి ఇచ్చేశాం కదక్కా అన్నాను.

దేవుడు ఈ వయసులో అన్ని మెట్లు ఎక్కుతాడటే అంది. పోనీ నేనూ రెండు పాటలు నేర్చుకుని ప్రసంగాలకి బయల్దేరతాను, అప్పుడైనా ఇస్తావా అంది. ఇద్దరం నవ్వాం. టీ తాగి వెళ్ళిపోయింది. గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది.

హాల్లో ఉండమనొచ్చు. ఆయన కోసం వచ్చే పోయే వాళ్ళు ఉంటారు. అనలేదు.

జూన్ 13

దేవుడికిచ్చిన మాట వెనక్కి తీసుకోకూడదు. మా ఆయనా అదే అన్నారు.

జూన్ 29, ఆదివారం

అక్క సామాను మార్చేసిందట. చర్చిలో వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. లాండ్రీలో మూటలు మోసే ఆమె తన ఇంట్లో పెట్టుకుందట. ఒకటే గది. అందులో ఇప్పటికే నలుగురు. మీ అక్కయ్యగారు మీ దగ్గరికి రాలేదేమని ఒకావిడ అడిగింది. పాటల పుస్తకం వెతుక్కుంటున్నట్టు సంచిలోకి తల దించేశాను.

జూలై 12, శనివారం

మొదటి దైవజనులు వచ్చారు. పెద్దాయన. మెట్ల దగ్గరే ఆగిపోయారు. నా మోకాళ్ళు నా మాట వినవమ్మా, కింద ఎక్కడో ఒక మూల చూడు అన్నారు. హాల్లో దివాన్ మీద పక్క వేశాను. హాల్లో సరిపోదేమో అనుకున్నాను గానీ, హాయిగా గురక పెట్టారు.

జూలై 13, ఆదివారం

పొద్దున పాలు తాగుతూ, పైన ఎవరుంటారని అడిగారు. మీలాంటివాళ్ళ కోసమే అట్టేపెట్టాం అన్నాను. మేం ఎప్పుడో ఒకసారి వస్తాం కదమ్మా, మీ వాళ్ళెవరికీ అవసరం లేదా అన్నారు. తప్పుపడుతున్నట్టు కాదు. ఇంకాస్త పంచదార వెయ్యమన్నంత మామూలుగా.

లేదండీ అన్నాను.

దేవుడికి అర్పించేశామని చెప్పి కన్నవాళ్ళకి చెయ్యకుండా తప్పించుకున్న మనుషుల్ని ప్రభువు గద్దించిన పాఠం ఆదివారం బడిలో నేనే చెప్తాను. ప్రతి ఏడూ చెప్తాను. వాళ్ళెవరో పాతకాలం వాళ్ళన్నట్టు చెప్తాను.

జూలై 14, సోమవారం

ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. సామాను కూడా పట్టాలని పెద్ద ఆటో. గదిలో గోడ నుంచి గోడకి తాడు, తాడు నిండా బట్టలు. అక్క గుమ్మంలో కూర్చుని ఆ ఇంటామె లంగాకి కుట్లు వేస్తోంది. పద, పైగదికి పోదాం అన్నాను.

అక్క లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. మా చెల్లి ఇంట్లో చోటు లేదని వీళ్ళకి చెప్పానే అంది. సొంత చెల్లి ఉండగా ఇక్కడికెందుకు వచ్చావని అడుగుతారు కదా మరి. ఇప్పుడు గది ఉందని చెప్తే నిన్నేమనుకుంటారు?

నేనే చెప్తాను, నా తప్పేనని చెప్తాను అన్నాను.

వద్దులే అంది. ఈవిణ్ణి నేను చోటు అడగనే లేదు, కాస్త జరిగి పడుకుంది అంతే అంది.

ఆటో దాకా వచ్చి సాగనంపింది. ఇంత పెద్దది ఎందుకే, ఒక్కదానివే కదా అని మందలించింది.

జూలై 20

పైగది ఊడ్చాను. చెత్త ఏమీ రాలేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఇంటింటికీ తిరిగి మనుషుల్ని రాసుకునే అతను వచ్చాడు. ఎంతమంది ఉంటారని అడిగాడు. ముగ్గురం అన్నాను. మేమిద్దరం, పైన మా అక్క.

ఆవిడ ఇంట్లో ఉన్నారా అన్నాడు.

పనికి వెళ్ళిందన్నాను.