ముందు మీరే కానివ్వండి, మామయ్యగారూ

మామయ్యగారికి,

మీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నట్టే భావించి, దీవి కొండ మీది రాడారు గది నుంచి మీ అల్లుడు రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. రాడారు కూడా క్షేమమే, గిర్రున తిరుగుతోంది. కానీ నోరు విప్పడం లేదు.

మీకు తెలియనిది కాదు. రేవులో ఉన్న మీ రాడారుకు రాతిగుట్ట అవతలి నీళ్లు కనిపించవు. నా రాడారుకు గుట్ట ఇవతలివి కనిపించవు. రెండూ తాము చూసింది చూసినట్టు ఒకదానికొకటి చెప్పుకుంటూ, అదే సమయంలో వింటూ ఉంటేనే లాంచీ దారి మొత్తం ఇద్దరి తెరల మీదా కనిపిస్తుంది. ఆ లింకు కోసం రెండు గదుల మధ్యా తీగ వేశారు, పెట్టెలు బిగించారు. నా తెర మీద మీ వైపు సముద్రం మాత్రం ఇంకా బోడిగానే ఉంది.

పొగమంచు రోజులు వచ్చేస్తున్నాయి. ఈలోగా తనిఖీ అధికారి లింకు బాగుందని సంతకం పెట్టకపోతే, మంచు విడిచేదాకా లాంచీ ఆపేస్తారు. లాంచీ ఆగితే మీ అమ్మాయీ పాపా ఇక్కడికి రాలేరు. ఈ గది వదిలి రాలేక, పుట్టిన దగ్గర్నుంచి పాపను ఫొటోలోనే చూస్తున్నాను మామయ్యగారూ. మీ వైపు ఏదైనా చిన్న, అతి చిన్న లోపం ఉందేమో, తీరిక చేసుకుని చూడగలరా?

మీ మాట కోసం కాచుకుని ఉన్న
అల్లుడు

తా.క. లోపం మీ వైపు ఉందని నేను అనలేదు. ఉంటే అన్నాను. ఉండదని కూడా అన్నట్టే.

*

అల్లుడుగారికి,

రేవు రాడారు గది నుంచి మీ మామ ఆశీస్సులు.

మీ ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. అదే నేను చేసిన తప్పు. ‘మీ వైపు లోపం’ అన్న మాట వినగానే మీ అత్తయ్య గరిటె కింద పెట్టి, "పెళ్లయిన ఇన్నాళ్లకా అనడం?" అంది. రాడారు సంగతని నచ్చజెప్పేసరికి అన్నం చల్లారిపోయింది.

ఈ వయసులో టవరెక్కి బోల్టు బోల్టూ బిగించి చూశాను. లోపం లేదు. నా రాడారు నోరు మెదపకపోవడానికి కారణం వేరే ఉంది. అది మీ కోసం ఆగింది. పెట్టె మీద మీటకు మూడు గుర్తులున్నాయి కదా: ‘ముందు నేను’, ‘ముందు అవతలివారు’, ‘ఇద్దరం ఒకేసారి’. నేను ‘ముందు అవతలివారు’ మీద పెట్టాను. ఇంటి అల్లుడు మాట్లాడకముందే మామ నోరు తెరవడం ఏం మర్యాద? ఇక ఆ మూడోది ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వినేదెవరండీ? కనుక మొహమాటపడకుండా మీరే మొదలుపెట్టండి.

ఫోన్లో చెబుదామంటే ఉన్న ఒక్క తీగా లింకుకే ఇచ్చేశారాయె.

ఇట్లు, మీ మాటకు ముందు మాట్లాడని
మామ

తా.క. పాప బోర్లా పడింది. తనిఖీ అధికారి సోమవారం వస్తున్నాడు. రెండు వార్తలకూ నేను ఒకేలా ఉలిక్కిపడ్డాను.

*

మామయ్యగారికి,

మీ జవాబు ఇంకా అందలేదు. దాంతో, హద్దు మీరి రాశానని అర్థమైంది. నిన్న టీలో ఉప్పు వేసుకుని, తాగడం అయ్యాక గానీ తెలుసుకోలేదు.

మీ దగ్గర ఒక విషయం దాచాను. నా మీట ‘ముందు అవతలివారు’ మీద ఉంది. మీరు మాట్లాడుతుంటే మధ్యలో దూరడం నా వల్ల కాదు. మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా మీరు పలకరించేదాకా నేను పలకలేదు, మీరేమో నా కోసం ఆగారు. ఆ గంటలో గడియారం ఒక్కటే మాట్లాడింది. పెద్దవారు, దయచేసి మీరే మొదలుపెట్టండి. సోమవారం అధికారి వస్తున్నాడని ఇక్కడా కబురొచ్చింది. పాపను చూసే యోగం మీ చేతుల్లో ఉంది.

మీ వెనకే మాట్లాడే
అల్లుడు

తా.క. కొంపదీసి మీరూ నా కోసం ఆగి ఉన్నారేమో అని ఒక్క క్షణం అనిపించింది. మీరు అంత అమాయకులు కారులెండి. ఈ మాట కొట్టేద్దామంటే కాగితం చిరుగుతోంది. చదవకండి.

*

అల్లుడుగారికి,

నా ఉత్తరం లాంచీ సంచిలో పడేసి వెనక్కి తిరిగానో లేదో, అదే లాంచీ తెచ్చిన మీ ఉత్తరం చేతిలో పెట్టారు. చదవొద్దన్న మాట నాలుగుసార్లు చదివాను. అది పొగడ్తో తిట్టో మీ అత్తయ్యకూ తేలలేదు.

సరే, మీరు అంతగా బతిమాలితే పెద్దరికం నిలబెట్టుకోవద్దూ? మీటను ‘ముందు నేను’ మీదికి తిప్పేశాను. ఇక మీరు కదలకండి. నా మొదటి ఉత్తరం అందినా అందనట్టే ఉండండి.

తొందరలో,
మామ

తా.క. ఈ ఉత్తరం రేపటి లాంచీకి గానీ బయలుదేరదు. ఈలోగా మొదటిది చదివి మీరేం చేస్తారోనని నా బెంగ.

*

మామయ్యగారికి,

మీ మొదటి ఉత్తరం అందింది. మీ మాట జవదాటడం నాకు తెలియదు కదా, వెంటనే ‘ముందు నేను’ మీదికి తిప్పాను. తిప్పానో లేదో తెర నిండా చుక్కల వాన. ఒక్క లాంచీ ఏడు లాంచీలైంది. అందులో రెండు కొండెక్కి నా గది వైపే వస్తున్నాయి. ప్రమాదం సైరన్ మోగించేశాను. దీవిలో అందరూ వీధుల్లోకి పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, చెవులు మూసుకుంటున్నారు.

ఇవాళ మీ రెండో ఉత్తరం వచ్చింది. రోజంతా నేను మీ మాటకు అడ్డు తగిలానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. మీటను మళ్లీ ‘ముందు అవతలివారు’ మీదికి తిప్పి కూర్చున్నాను. మీ వైపు నుంచి చప్పుడు లేదు. పెద్ద మనసు చేసుకుని మీరూ తగ్గారా ఏమిటి?

సోమవారం ఎల్లుండే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మంచు విడిచేసరికి పాప నడుచుకుంటూ వచ్చి, "ఎవరమ్మా ఈయన?" అంటుందేమో. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

దిక్కుతోచని
అల్లుడు

తా.క. నేనిప్పుడు మీట తిప్పాలా? నేను తిప్పితే మీరు తిప్పకండి. తిప్పకపోతే తిప్పండి. తిప్పిందీ లేనిదీ ఉత్తరం రాయండి.

*

మా ఆయనకు,

ఈసారి నాన్న రాయరు. కలం నేను లాక్కున్నాను.

సోమవారం వస్తానన్న అధికారి ఇవాళే ఊడిపడ్డాడు. తెర మీద చుక్కల వాన చూసి మీటను మళ్లీ ‘ముందు అవతలివారు’ మీద పెట్టేసిన నాన్న, ఆయనకు కుర్చీ వేసి, "మా అల్లుడుగారు మొదలుపెడతారు, కాసేపు ఆగండి" అన్నారు. పాపం, ఆయన రెండు టీలు తాగేదాకా ఆగాడు. ఆ తర్వాత తల పట్టుకుని, "ఇవి మామా అల్లుళ్లని రాడార్లకు ఎవరు చెప్పారండీ?" అన్నాడు. సాయంత్రంలోగా లింకు కలవకపోతే ఇవాళ్టి లాంచీయే ఆఖరిదని తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పాపను ఎత్తుకుని మెట్లెక్కి, నాన్న మీటను ‘ఇద్దరం ఒకేసారి’ మీదికి తిప్పాను.

"ఇద్దరూ మాట్లాడితే వినేదెవరే?" అన్నారు నాన్న.

"నేనూ అమ్మా లేచిన దగ్గర్నుంచీ ఒకేసారి మాట్లాడుకుంటాం. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్కా పోదు. మీరిద్దరూ ఒకరికొకరు దారిచ్చుకుని ఇన్నాళ్లూ ఏం చెప్పుకున్నారు?" అన్నాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అధికారి మాత్రం ఆ ముక్క రాసుకున్నాడు.

ఇక మిగిలింది మీ మీట. ఈ సంగతి టపాలో పంపితే, "మామయ్యగారి ఉద్దేశం ఏమిటో" అని మీరు జవాబు రాస్తారు. అందుకని ఈ ఉత్తరం నేనే తెచ్చాను. నోటితో చెప్పొచ్చుగా అంటారేమో, నేను నోరు తెరిస్తే "ముందు నాన్నగారు ఎలా ఉన్నారో చెప్పు" అంటారు. కాగితానికైతే అడ్డు చెప్పరు.

చదివారా? అయితే తలెత్తండి. గుమ్మంలో ఉన్నది మేమే.

మీ ఇల్లాలు

తా.క. ఒక చేత్తో మీట తిప్పండి, రెండో చేత్తో పాపను అందుకోండి. ఏది ముందని అడిగారో, వచ్చిన లాంచీలోనే వెనక్కి వెళ్లిపోతాను. రెండూ ఒకేసారి.