వెన్న ఎవరు పెట్టాలి

ఫిబ్రవరి 4

పిల్ల పుట్టింది. రెండు నెలలు ముందే వచ్చేసింది. ఏడవలేదు, మూలిగింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. ఒక్కసారి చూపించి తీసుకుపోయారు.

ఫిబ్రవరి 5

ఇవాళ దగ్గరికి రానిచ్చారు. ముక్కులో రెండు పొట్టి గొట్టాలు. వాటి ట్యూబు చివర నీళ్ల సీసాలో మునిగి ఉంది. సీసాలో బుడబుడమని బుడగలు. సీప్యాప్ అంటారట. నెలలు నిండని ఊపిరితిత్తులు గాలి వదలగానే అతుక్కుపోతాయి, ఇది లోపల కాస్త గాలి నిలిపి వాటిని తెరిచి ఉంచుతుంది, ఊపిరి తీసుకునే పని మాత్రం పిల్లదే అని డాక్టర్ గుల్బారా చెప్పింది. బుడగలు ఆగితే వెంటనే పిలవమంది.

ఇది చాలకపోతే? అని అడిగాను. వెంటిలేటర్ పెట్టాలి, దానికి కనుమ అవతల రాజధాని బిష్కెక్ పంపాలి అంది. కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. మా ఆయన ఎర్కిన్ లారీతో సహా అవతలే చిక్కుకున్నాడు. కాబట్టి మాకున్నవి ఈ బుడగలే.

ఫిబ్రవరి 7

ఊరి నుంచి అత్తగారు సుయుమ్‌కాన్ వచ్చింది. రావడం రావడమే, వెన్న ఎవరు పెట్టారే అని అడిగింది. పుట్టిన బిడ్డ నోటికి మొదట తగలాల్సింది వెన్న. ఎవరి చేత్తో పెడితే వాళ్ల పోలికలొస్తాయంటారు. మా ఇంట్లో అందరికీ ఆవిడే పెట్టింది. అందరూ మొండివాళ్లే.

ఎవరూ పెట్టలేదత్తయ్యా, నోట్లో ఏమీ వెయ్యకూడదట అన్నాను. వెన్న పెట్టి రమ్మని ఎవరూ పిలవని చోట ఆ పిల్ల మాత్రం ఎందుకుంటుందే అంది. నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

భయం ఇంకా పోలేదు. రాస్తే తగ్గుతుందేమో.

అత్తగారిని లోపలికి రానిచ్చారు. గౌను వేసుకుని బుద్ధిగా నిలబడింది. నేను పాలు పిండడానికి పక్క గదికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బుడగలు లేవు. సీసాలో నీళ్లు కదలడం లేదు. పిల్ల మూతి నీలంగా ఉంది. అత్తగారి వేలి మీద వెన్న.

పెదవికి రాసిందట, కాసింతే. అది కరిగి ముక్కు దాకా పాకింది. గొట్టాలను పట్టి ఉంచే పట్టీ జారిపోయింది. నర్సు నాజిక్ పరుగెత్తుకొచ్చి తుడిచింది, పట్టీ మార్చింది, గొట్టాలు సర్దింది. బుడగలు మళ్లీ మొదలయ్యాక అప్పుడు అరిచింది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కాదు. చంపేద్దామనుకున్నావా పెద్దమ్మా, గాలి మీద బతికేదానికి వెన్న పూస్తావా, ఇంకోసారి ఈ గుమ్మం తొక్కి చూడు అంది. కిటికీ అద్దాలు అదిరాయి.

అత్తగారు తల దించుకుని బయటికి నడిచింది. ఆవిడ తల దించడం నేనెప్పుడూ చూడలేదు. అయినా జాలి కలగలేదు.

ఫిబ్రవరి 9

అత్తగారు వరండాలో బెంచీ మీదే కూర్చుని ఉంది. టీ ఇస్తే తీసుకోలేదు.

ఫిబ్రవరి 11

నాకు జలుబు, జ్వరం. నన్ను లోపలికి రానివ్వరు. ఇవాళే పిల్ల నోరు తెరవడం మొదలుపెట్టింది. నోరు తెరిస్తే గాలంతా అటే పోయి బుడగలు ఆగుతున్నాయి. నోరు మూయడానికి ఉత్త పాలపీక పెడితే ఉమ్మేస్తోంది. ఎవరో ఒకరు గడ్డం కింద వేలు ఆన్చి కూర్చోవాలి. నాజిక్ ఒక్కతే, వార్డు నిండా పిల్లలు. బిష్కెక్ దారి సంగతి కనుక్కోమని డాక్టర్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

అత్తయ్యని కూర్చోబెట్టండి అన్నాను. నేనే అన్నాను. ఎవర్ని, ఆ వెన్న ముసలమ్మనా? అంది నాజిక్. డాక్టర్ మాత్రం, మోచేతుల దాకా నువ్వే దగ్గరుండి కడిగించు అని ఆమెకి చెప్పింది.

అత్తగారు బెంచీ మీంచి లేచింది. జేబులోంచి వెన్న డబ్బా తీసి నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లింది.

ఫిబ్రవరి 12

అద్దంలోంచి చూశాను. వేలు గడ్డం కింద, కళ్లు సీసా మీద. నొక్కకు పెద్దమ్మా, ఆన్చితే చాలు అని నాజిక్ సాధిస్తోంది. చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లల్ని ఈ చేతుల్తోనే లేపానే, పోయి నీ పని చూసుకో అని ఆవిడ. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. హమ్మయ్య అనిపించింది.

ఫిబ్రవరి 16

ఆక్సిజన్ తగ్గించారు. పక్కటెముకల కింద ఆ గుంట ఇప్పుడు పడటం లేదు. జ్వరం తగ్గి నేను లోపలికి వెళ్తే అత్తగారు లేవదే! నువ్వు పాల సంగతి చూడు, గాలి సంగతి నేను చూస్తా అంది. ఏడుపొచ్చింది. ఆవిడ మీద కోపం వెతికితే దొరకలేదు.

ఫిబ్రవరి 20

గొట్టాలు తీసేశారు. గది ఒక్కసారిగా మూగబోయింది. బుడగలేవే, బుడగలేవే అని అత్తగారు హడలిపోయింది. డాక్టర్ ఆవిడ చెయ్యి పట్టుకుని పిల్ల ఛాతీ మీద పెట్టింది. లేస్తోంది. దిగుతోంది. దానంతట అదే.

సాయంత్రం ఎర్కిన్ వచ్చాడు. దారి తెరిచారట. ఇక ఆ దారితో పని లేదు.

మార్చి 17, ఇల్లు

పిల్ల పుట్టి నలభై రోజులు దాటాయి. ఇప్పుడు కాసింత వెన్న పెదవికి అద్దితే పరవాలేదని డాక్టర్ చెప్పింది. డబ్బాలో కొత్త వెన్న వేసి అత్తగారికిచ్చాను. పుచ్చుకోలేదు. నేను పెట్టను, ఆ నర్సు పిల్లని పిలిపించు అంది. మిమ్మల్ని అంతలేసి మాటలన్న మనిషినా? అన్నాను. అందుకేగా అంది. గుప్పెడు మనిషి, అరిస్తే అద్దాలు అదిరాయి, నా మనవరాలికి ఆ ఊపిరి రావాలి, నా మొండితనం ఎలాగూ వచ్చేసిందిగా అంది.

మార్చి 18

నాజిక్ వచ్చింది. చేతులు ఒకటికి రెండుసార్లు కడిగి వెన్న అద్దింది. పిల్ల చప్పరించింది. ఇంకా కావాలని ఏడుపు లంకించుకుంది.

పక్కింటివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.