కాళ్ల కింద నది చెక్కించాను

మామా,

చెప్పేది నేను, రాసేది మన మనవరాలు. యుద్ధంలో పోయిన నీ శవం ఇంటికి రాలేదని, ఊరి కోసం పోరాడి పడినోళ్ల వీరగల్లుల పక్కన నీ రాయి పెట్టనివ్వలేదు కదా మనోళ్లు. ఇన్నేళ్లూ వాళ్లతో పోట్లాడుతూనే ఉన్నాను.

మొన్న సోమందేపల్లె నుంచి నీ పటాలం హవల్దారు వచ్చాడు, ముసలాయన. రచ్చకట్ట మీద నిలబడి, మీ పటాలం గెలిచిన చోట్ల పేర్లు వరసగా చెప్పాడు. మొదట ఒక కొండ, తర్వాత ఒక కనుమ, చివర ఒక నది.

"ఈ పేర్లన్నీ మా జెండా మీద ఉండాయప్పా. ఆ నది పేరు ఎక్కింది ఈయప్ప లాంటోళ్లు ఆడ పడినందుకే. నా పక్కనే పడినాడు. శవాన్ని నీళ్లు తీసుకపోయినాయి" అన్నాడు.

ఊరిపెద్ద లేచి, "రాయి పెడదాం వదినా" అన్నాడు.

"ఏమప్పా, ఆయన కాళ్ల కింద నది చెక్కు" అన్నాను రాయి చెక్కేవాడితో.

"మనూళ్లో నీళ్లు రాతి మీదనే చూడల్ల అవ్వా!" అని నవ్వాడు.

ఆ హవల్దారు చల్లగా ఉండాలి. ఈరోజు నీ రాయికి పసుపు రాసి, బిందెడు నీళ్లు పోశాను. ట్యాంకరు నీళ్లే. రాతి మీద చెక్కిన అలల్లో కాసేపు పారాయి.

వచ్చేసినావు గదా మామా. ఇంక ఈడనే ఉండు.