అడ్డుగోడకు ఫీజు

మంగళవారం, కడప

ఫీజుల పట్టిక ఈరోజు కూడా తేలలేదు. దుకాణం లోపల ఏ చిన్న మార్పు చేసినా, ప్లాన్ పరిశీలనకు మొత్తం వైశాల్యం మీదే ఫీజు కట్టాలంటారు మున్సిపల్ కమిషనర్. చేసే పనిని బట్టి తీసుకుందామని మూడోసారి చెప్పాను. "ఆదాయం పడిపోతాదమ్మా" అన్నారు.

మధ్యాహ్నం టైలర్ మాబున్ని మా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు తన షాపు ప్లాన్ తెచ్చింది. పెద్ద హాల్లో ఒక్క అడ్డుగోడ, అంతే. అది వెనక తలుపుకు అడ్డమొస్తోందని నేను చెప్పేలోపే, ఫీజు విని కాగితం వెనక్కి తీసుకుంది.

"ఇంత యాడ తెచ్చేది మేడం? అడక్కుండానే కట్టుకుంటా."

సాయంత్రం ఉండబట్టలేక ఆమె షాపుకు వెళ్లాను. గోడ అప్పటికే మోకాలెత్తు లేచింది. లోపల ఆరుగురు ఆడవాళ్లు మిషన్ల మీద కుడుతున్నారు.

"ముందర నిప్పంటుకుంటే వీళ్లు యాడికి పోవాల మాబున్నీ?"

ఆమె గోడకు అవతల పడిపోయిన వెనక తలుపు వైపు చూసింది. "పగలగొట్టప్పా, జరిపి కడదాం" అంది మేస్త్రీతో. కొత్త చోట మొదటి వరుసలు లేచేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఫీజుకు భయపడి మా దగ్గరికి రాని గోడలు ఊళ్లో ఇంకెన్ని ఉన్నాయో. కాళ్లు లాగుతున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. అనుమతులు ఇవ్వాల్సిన నేను, అనుమతి లేని గోడను దగ్గరుండి కట్టించి వచ్చాను. రేపు కమిషనర్‌కు అదే చెబుతాను.