ఎండలో చూసిన ఎరుపు

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో అయితే రెండో నిమిషానికే ఇద్దరం గొంతు పెంచేస్తాం కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. అమ్మ నడిపే లైబ్రరీ వ్యాన్ గురించి తీసిన చిన్న సినిమాకి రంగులు దిద్దడం పూర్తయింది. నా పేరు పడే మొదటి పని ఇది. నిన్న ఆన్‌లైన్‌లో పెట్టాం. ఆ వ్యాన్‌కి నువ్వు కలిపి వేసిన ఎరుపు కోసమే మూడు రోజులు కూర్చున్నాను. మొహమాటం లేకుండా ఎలా ఉందో చెప్పు.

నీ పిడుగు

పిడుగమ్మా, చల్లగా ఉండు.

సినిమా బావుంది. మీ అమ్మ మురిసిపోయి పక్కింటివాళ్ళందరినీ పిలిచి చూపించింది. కానీ ఎరుపు అది కాదు. పాలు కలిపినట్టు వెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా గీతలు పడ్డ కార్లకి రంగు కలుపుతున్నాను, నేను కలిపిన ఎరుపు నాకు తెలియదా? ఇంతకీ ఎండలో పెట్టి చూశావా?

మీ నాన్న

నాన్నా,

కోపం తెచ్చుకోకు. నా మానిటర్‌ని పరికరం పెట్టి మరీ సరిచేయించాను. అందులో నీ ఎరుపు భగ్గుమంటోంది. ఎండలో పెట్టి చూడ్డానికి ఇది కారు తలుపు కాదుగా! నీకు అరవై దాటాయి. సన్నటి తేడాలు ఇక కళ్ళకి అందట్లేదేమో, ఒకసారి డాక్టరుకి చూపించుకో. ప్రేమతోనే అంటున్నాను.

పిడుగు

నాన్నా,

మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. నిన్న అమ్మ చెప్పింది. రంగు కలపడం మానేసి, షెడ్డులో తలుపులకి గరుకు కాగితం రుద్దుతూ కూర్చుంటున్నావట. "ఆయన కళ్ళ మీద ఆయనకే నమ్మకం పోయింది" అంది.

మొన్న లైబ్రరీ ఆఫీసరమ్మ ఫోన్ చేసి, "మా వ్యాన్ ఇలా వెలిసిపోయిందేంటమ్మా?" అని అడిగింది. అప్పుడుగానీ నేను ఫోన్లో తెరిచి చూడలేదు. పూర్తయిన వీడియోతో పాటు, అందులోని రంగుల్ని ఎలా చదవాలో చెప్పే గుర్తు ఒకటి వెళ్ళాలి. ఆ గుర్తు పెట్టాల్సిన గడి నేను ఖాళీగా వదిలేశాను. సైటూ ఫోన్లూ తమకు తోచినట్టు చదువుకున్నాయి. నా గదిలో ఒక్క తెరని చూసి నేను పొంగిపోయాను.

గడి నింపి వీడియో ఫైలు మళ్ళీ తయారుచేశాను. ముందు ఎవరికీ కనపడకుండా సైటులో పెట్టి, మూడు ఫోన్లలో, ఒక టీవీలో, చివరికి వాకిట్లో ఎండలో నిలబడి చూశాకే బయటపెట్టాను. తప్పు నీ కళ్ళది కాదు, నాది. నన్ను తిట్టు, కానీ రంగు డబ్బాలు తెరువు నాన్నా.

తలదించుకున్న నీ పిడుగు

పిడుగమ్మా,

తల ఎత్తు. అంతంత తెరల మధ్య పనిచేసేదానివి, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నా కళ్ళకంటే నీ మాటే నమ్మాను. డాక్టరు కూడా అదే అంటాడేమోనని భయపడి వెళ్ళలేదు. కొత్తది చూశాను. అదే ఎరుపు. కళ్ళనీళ్ళు వచ్చాయి, మీ అమ్మకి చెప్పకు.

ఈ పొద్దున ఒక నీలం కారు తలుపు గీతకి రంగు కలిపి వేశాను. ఆరాక కారుని ఎండలోకి తోయించాం. "ఎక్కడ వేశావన్నా?" అని షెడ్డు మేస్త్రీ అడిగాడు. చూపిద్దామని వంగి ఎంత వెతికినా నాకే కనపడలేదు.

మీ నాన్న