తిప్పేసిన నడక

నవంబర్ 2

మా కార్టూన్ సీరియల్ తొమ్మిదో ఎపిసోడ్ స్టోరీబోర్డ్ ఇవాళ వచ్చింది. సెప్టెంబర్‌లో రావాల్సింది. డిసెంబర్ ఒకటిన టీవీలో వేస్తారు. మామూలుగా బొమ్మలకే రెండు నెలలు పడుతుంది. ఉన్నది నాలుగు వారాలు, రంగులూ ఎడిటింగూ అన్నీ అందులోనే.

స్టోరీబోర్డ్ మాత్రం బాగుంది. చెత్తగా ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. టోఫు కొట్టు అమ్మమ్మ గుండె జబ్బుతో ఆసుపత్రిలో పడితే, మనవరాలు నాగి ఒక్కతే మూడు ఎపిసోడ్ల పాటు కొట్టు లాక్కొచ్చింది. ఇందులో అమ్మమ్మ ఇంటికొస్తుంది. ప్రాణాలతో వస్తుంది. కథంతా అంతే. ఆవిడ నడవాలో నడుచుకుంటూ వచ్చే ఆ కాసేపటి కోసమే మిగతా ఇరవై నిమిషాలూ.

పక్క సీటు హిదాకా అప్పుడే దొంగపేరు వెతుక్కుంటోంది. పని పాడైందనిపిస్తే టైటిల్స్‌లో సొంత పేరు తీయించేసి, ఏదో కల్పించిన పేరు వేయించుకోవడం మావాళ్ళకి అలవాటే. నువ్వూ ఒకటి అనేసుకోవే టొమొయే, తరవాత మంచివి మిగలవు అంది. నాకక్కర్లేదు, కుజె టొమొయే అని నా పేరే వేసుకుంటాను, వేసుకునేలా బొమ్మలు సరిచేస్తాను అన్నాను. అబ్బో, చూస్తాంగా అంది.

చూడనీ.

నవంబర్ 9

యానిమేషన్ డైరెక్టర్లం పదకొండుమంది అయ్యాం. ఎవరెవరో గీసిన బొమ్మలన్నీ ఒక్కరే గీసినట్టుండేలా సరిదిద్దడం మా ఉద్యోగం. ఆ సరిదిద్దేవాళ్ళే పదకొండుమంది అయితే ఇంకేముంది, అమ్మమ్మకి పదకొండు ముక్కులొచ్చాయి. నాకు చిక్కినవన్నీ పీకేసి ఒకే ముక్కు పెడుతున్నాను.

కదలిక అతకడానికి రెండు బొమ్మల నడుమ గీసే మధ్య బొమ్మలు విదేశాలకి పంపితే ఒక్క రోజులో తిరిగొస్తున్నాయి. ఒక్క రోజులో గీసిన బొమ్మలు ఎలా ఉంటాయో అలాగే ఉంటున్నాయి. వాళ్ళని తిట్టను. పీకల మీద కూర్చున్నది మేమే.

నవంబర్ 13, మధ్యాహ్నం

ఓనుకి అనే అతను వచ్చాడు. ఊరంతా కారేసుకుని తిరిగి, ఇళ్ళలో గీసేవాళ్ళ దగ్గర్నించి బొమ్మలు వసూలు చేసుకొచ్చే మనిషి. నలభై ఆరేళ్ళు, ఇదివరకు పార్సిళ్ళు మోసేవాడు, ఇప్పుడూ అదే పని అంటాడు. అమ్మమ్మ నడవాలో నడిచొచ్చే కట్, అదే ఆ ఒక్క షాట్, గీస్తానన్న ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడట. కుజె గారూ, ఒక్క ముక్క చెప్పండి, రెండో ఎపిసోడ్‌లో అమ్మమ్మ అదే నడవాలో బయటికెళ్ళే కట్ ఉందిగా, దాన్నే కుడి ఎడమలు తిప్పేస్తే లోపలికొస్తున్నట్టుంటుంది కదా అన్నాడు.

దిశ సరిపోతుంది. పైగా అది నాకు పని నేర్పిన ముకాయ్ గారు గీసిన నడక, మా స్టూడియోలో అంతకన్నా మంచి నడక లేదు. ఎడమ మోకాలి నొప్పితో కాలు ఈడ్చే తీరు చూస్తే నా మోకాలే సలుపుతుంది. సరే తిప్పెయ్యండి అన్నాను. తల కూడా ఎత్తలేదు.

నవంబర్ 17

ముక్కులు. ముక్కులు. ముక్కులు.

నవంబర్ 21

రష్ చూశాం, అంటే ఇప్పటిదాకా అయిన కట్‌లన్నీ వరసగా తెర మీద. చెయ్యి తలుపులోంచి దూరిపోయేవి, నాగి జడ మాయమయ్యేవి చాలా దొరికాయి. నడవా కట్ రాగానే అందరూ హమ్మయ్య అన్నారు. నేనూ అన్నాను. కానీ ఏదో గుచ్చుకుంది. ఏమిటో తెలీలేదు.

నవంబర్ 22, ఉదయం

తెలిసింది.

ఆదివారం కదా అని పొద్దున్నే వీధి చివర ఊరందరి స్నానశాలకి వెళ్ళాను. బట్టలు కట్టుకునే గదిలో ఒక ముసలావిడ నూలు కిమోనో వేసుకుంటోంది. ఆవిణ్ణి చూశాను. ఆవిడ పక్కనున్న అద్దంలో ఆవిడ నీడని కూడా చూశాను. ఇటున్నావిడకి గుండెల మీద కిమోనో ఎడమ అంచు కుడిదాని పైన ఉంది. అద్దంలో ఆవిడకి కుడి అంచు పైన ఉంది.

కుడి అంచు పైకి కట్టేది శవానికి.

మేం అమ్మమ్మని తిప్పేసినప్పుడు కిమోనో కూడా తిరిగిపోయింది. బతికి ఇంటికొస్తున్న మనిషికి పాడె బట్ట కట్టి నడిపించాం. సరేనన్నది నేను. రష్‌లో ఇరవైమంది చూశాం, కిమోనోలు కట్టే దేశంలో పుట్టి ఒక్కళ్ళకీ కనపడలేదు. జుట్టు తడిగానే పరిగెత్తాను.

నవంబర్ 23

ప్రొడ్యూసర్ కాంబె గారికి చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది, మళ్ళీ వెంటనే మామూలైపోయింది. తరవాత డిస్క్‌లు అమ్మకానికి వేసేటప్పుడు సరిచేద్దాం, ఎవరు చూస్తారండీ అంత పట్టిపట్టి అన్నారు. పదకొండు ముక్కులంటే బొమ్మ బాగాలేదని తిట్టుకుంటారు, దీన్ని మాత్రం తప్పు అనుకోరు, మనం కావాలనే పెట్టామనుకుంటారు, అమ్మమ్మ ఆసుపత్రిలోనే పోయింది, నాగికి కనిపిస్తున్నది దయ్యమని రాత్రికి రాత్రే తేల్చేస్తారు అన్నాను. కథే చచ్చిపోతుంది అన్నాను. నా దగ్గర మనుషుల్లేరు అన్నారు. నేనున్నాను అన్నాను. శుక్రవారం మధ్యాహ్నం దాటితే ఉన్నదే పంపించేస్తాను, తరవాత నా మీద పడకూడదు అన్నారు.

నాలుగు రోజులున్నాయి. ఫర్వాలేదు, రెండు చేతులున్నాయి.

నవంబర్ 24

నలభై చిల్లర బొమ్మలు. అన్నిట్లోనూ మెడ దగ్గర అంచు, కింద పాదాల దగ్గర విచ్చుకునే అంచు మార్చాలి. నడుస్తుంటే అంచు కదులుతుంది, ఒక్కటి చూసి మిగతావి ఊహించడం కుదరదు. మిగతా పని హిదాకా మీద పడేశాను. గొణిగింది, తీసుకుంది. పోతే పోయిందిలే, ఎలాగూ నా పేరు కాదుగా అంది.

నవంబర్ 25

ఓనుకి నోరు జారాడు. సాయంత్రానికి ముకాయ్ గారు ఊడిపడ్డారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరికే. ఎవరు తిప్పారు నా నడకని అన్నారు. నేనే సరేనన్నానండీ అన్నాను. నిన్ను మనిషిని చేశాననుకున్నానే, ఎడమ మోకాలి ముసల్దానికి కుడి మోకాలు పాడుచేశావా అన్నారు. కిమోనో గురించి ఆయనకి పట్టలేదు, మోకాలు ఒక్కటే పట్టింది.

మోకాలు మార్చాలంటే నడకంతా మళ్ళీ గీయాలి. వ్యవధి లేదు. ఆయనకీ తెలుసు. కుర్చీ లాక్కుని, సగం కాగితాలు ఇటు పారెయ్ అన్నారు. నేను గీసిన అంచుల్లో మూడు వెనక్కి విసిరారు. ఇది గుడ్డా, అట్టా అన్నారు.

ఆ మూడూ మళ్ళీ గీశాను. ఆయన మాటే నిజం, అట్టలాగే ఉన్నాయి.

నవంబర్ 27, మధ్యాహ్నం

ఇచ్చేశాం. కుంటు తప్పు కాలికే మిగిలిపోయింది. అది నాకు ముల్లులా ఉంది. కానీ అమ్మమ్మ బతికే ఉంది.

ముకాయ్ గారికి నూడిల్స్ పెట్టించాను. పులుసు చల్లగా ఉందని వంక పెడుతూ రెండు గిన్నెలు తిన్నారు.

డిసెంబర్ 1

వేశారు. టైటిల్స్‌లో యానిమేషన్ డైరెక్టర్ల పేర్లు పదకొండు. అందులో ఎన్ని అసలువో నాకు తెలుసు. కుజె టొమొయే అసలుదే.

డిసెంబర్ 2

ముక్కుల గురించి ఊరంతా నవ్వుతోంది. మాయమైన జడని ఎవడో వీడియో చేసి పెట్టాడు. నడవా గురించి మాత్రం ఒక్క మాటే, అమ్మమ్మ ఇంటికొచ్చినందుకు ఏడ్చాం అని. దయ్యమని ఎవరూ అనలేదు. బాత్రూంలోకెళ్ళి కాసేపు నేనూ ఏడ్చి వచ్చాను.

ఎవరో ఒకాయన, మోకాళ్ళకి వ్యాయామాలు చేయించేవాడట, ఈవిడ నొప్పి రెండో ఎపిసోడ్‌లో ఎడమ కాలికి కదా అని రాశాడు. ముకాయ్ గారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఒక్కడైనా చూశాడన్నమాట అన్నారు. ఆయన అంత సంతోషపడగా ఎప్పుడూ వినలేదు.

డిసెంబర్ 5

ఆఖరి ఎపిసోడ్ స్క్రిప్ట్ మార్చారు. ముందనుకున్నది వీధంతా జనంతో లాంతర్ల పండగ. అంత జనాన్ని గీయడానికి మనుషుల్లేరు. అందుకని అమ్మమ్మ చనిపోతుంది. చావుకైతే ఒక గది చాలు, స్టిల్స్ చాలు. కదిలేది ఒక్కటే కట్, నాగి కలలో అమ్మమ్మ నడవాలో నడుచుకుంటూ రావడం.

ఓనుకి ఎగురుకుంటూ వచ్చాడు. కుజె గారూ, అదృష్టమంటే మనదే, మొదట తిప్పేసిన కట్ అలాగే దాచాను, అంచు కూడా సరిగ్గా కుడిదే పైనుంది, వాడేద్దామా అన్నాడు.

వద్దన్నాను. అందులో ఆవిడ కుంటుతుంది. చనిపోయాక మోకాలు నొప్పెట్టదు.

కొత్త కాగితం తీశాను.