కర్రిగాడిని కట్టెయ్యి, నత్తల మందు చల్లాను

కుమారీ,

ఇదంతా నీ మరిది ధనరాజ్ వల్లే. వాడి క్యాబేజీలో ఒక్క నత్త లేదు, గట్టుకి ఇవతల మన ఆకులన్నీ జల్లెళ్లు. "ఏటన్నియ్యా, నత్తలకి కూడెడతన్నావేటి?" అని నిన్న కూలీల ముందు నవ్వాడు. ఆ ఉక్రోషంతో వాడు వాడిన గుళికలే తెచ్చి, తవుడూ బెల్లమూ కలిపి మడి నిండా చల్లేశాను. ఆ వాసనకి కుక్క కూడా తినేస్తుందని చల్లాక తోచింది.

పాలకేంద్రం నుంచి రాగానే కర్రిగాడిని తెచ్చి కట్టెయ్యి. ఆ కుక్క ధనరాజ్ ఇంటి గుమ్మంలోనే పడుంటుంది. అన్నం పెట్టి పెంచింది నేను, తోక ఊపేది వాడికి. పొద్దున్న నేను ఎంత పిలిచినా రాలేదు.

కోళ్లని గంప కింద మూసెయ్యి. నీలం బేసిన్‌లో ఆవుకి కుడితి పొయ్యకు, మందు అందులోనే కలిపాను.

కుక్క వణికినా, నురగ కక్కినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకు. వెంటనే బొబ్బిలి పశువుల ఆసుపత్రికి తీసుకుపో. మందు పేకెట్ చూరులో ఉంది, అది కూడా చూపించు. బండి వేసుకుని నేను గజపతినగరం సంతకి పోతున్నాను కాబట్టి ధనరాజ్‌నే పిలు. నాకు ఒళ్లు మండుతుంది, అయినా పిలు. కుక్క వాడి మాటే వింటుంది.

ఫోను ఇంట్లో వదిలేసి పోయావు, అందుకే ఈ చీటీ.

ఇంకోటి. కుక్కని బతికించాడని గట్టు సంగతి వదిలేస్తానని వాడికి చెప్పకు. గట్టు జరిపి వాడు కలిపేసుకున్న నా నేల మూడున్నర సెంట్లు.